సంచి పారవేస్తే సరిపోదు: తిరువళ్ళూరు, తిరుత్తణి రక్తదాతల గురించి ఒక బహిరంగ లేఖ

గౌరవనీయులైన తమిళనాడు ఆరోగ్య, కుటుంబ సంక్షేమ శాఖ మంత్రివర్యులకు,



తిరువళ్ళూరు, తిరుత్తణి ప్రాంతాల రక్తదాతలలో హెపటైటిస్ వంటి వైరస్ వ్యాధులు ఎంతమేరకు ఉన్నవో క్రమపద్ధతిలో పరిశోధించవలసిన అవసరాన్నీ, ఆ పరిశోధనలో బయటపడిన ప్రతి దాతకూ అతని ఫలితాన్ని తెలియజేసి చికిత్స దాకా చేర్చవలసిన బాధ్యతనూ మంత్రివర్యుల దృష్టికి తీసుకురావడం ఈ లేఖ ఉద్దేశం. రక్తనిధిలో పరీక్ష జరిపి, వైరస్ ఉన్నదని తేలిన రక్తాన్ని పారవేయడం వల్ల ఆ రక్తం ఎక్కవలసిన రోగికి రక్షణ దొరుకుతున్నది. కాని ఆ రక్తం ఇచ్చిన మనిషి తన ఒంట్లో ఏమున్నదో తెలియకుండానే ఇంటికి వెళ్ళి, ఏళ్ళ తరబడి ఆ తెలియనితనంలోనే బతుకుతుంటే, పరీక్ష చేయవలసిన పనిలో సగమే జరిగినట్లు. మిగిలిన సగానికి కావలసిన మందులు, టీకా, ప్రయోగశాలలు, ప్రభుత్వ పథకాలు అన్నీ ఈనాడు రాష్ట్రంలో ఉన్నవి గనుకనే ఈ విన్నపం.

తిరుత్తణి, పళ్ళిపట్టు, ఆర్.కె.పేట ప్రాంతాలు 1960 ఏప్రిల్ 1 వరకు ఆంధ్రప్రదేశ్‌లోని చిత్తూరు జిల్లాలో ఉండి, మధ్యవర్తి పటాస్కర్ సిఫారసుల మేరకు జరిగిన సరిహద్దు సవరణతో అప్పటి మద్రాసు రాష్ట్రంలో కలిసినవి. 1997లో చెంగల్పట్టు జిల్లాను విభజించి తిరువళ్ళూరు జిల్లాను ఏర్పరచినప్పుడు ఈ ప్రాంతాలు ఆ జిల్లాలోకి వచ్చినవి. మరమగ్గాల మీద బతికే పల్లెలు, చెరకూ వరీ పండించే పొలాలు, చెన్నై శివారు పరిశ్రమలకు రోజూ రైలెక్కి వెళ్ళే కార్మికులు కలగలిసిన ఈ జిల్లాలో ఇంట్లో తెలుగు, బడిలో తమిళం మాట్లాడే కుటుంబాలు నేటికీ వేలల్లో ఉన్నవి. జబ్బు చేస్తే ఇక్కడి ప్రజలు ఒకవైపు చెన్నైకి, ఒకవైపు వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలకు, మరొకవైపు తిరుపతికి వెళ్తారు. ఆంధ్రప్రదేశ్‌లోని నగరి, పుత్తూరు వైపు పల్లెల నుంచి తిరుత్తణికి వచ్చేవారూ ఉన్నారు. రక్తం ఇచ్చేవారు, పుచ్చుకునేవారు రెండు రాష్ట్రాల మధ్య ఇంతగా కలిసిపోయిన చోట రక్త భద్రతను ఒక్క ఆసుపత్రి హద్దులో చూడడం చాలదు.

హెపటైటిస్ అంటే కాలేయానికి వచ్చే వాపు. దానికి మద్యం, కొన్ని మందులు వంటి కారణాలు కూడా ఉన్నప్పటికీ, ఎ, బి, సి, డి, ఇ అనే ఐదు వైరస్‌లు ముఖ్యమైనవి. వీటిలో ఎ, ఇ రకాలు కలుషితమైన నీరు, ఆహారం ద్వారా వచ్చి, పచ్చకామెర్లుగా కనిపించి, చాలామందిలో కొన్ని వారాలలో తగ్గిపోతాయి. బి, సి రకాలు రక్తం ద్వారా, శుభ్రం చేయని సూదుల ద్వారా సోకుతాయి. బి రకం లైంగిక సంబంధం వల్ల, ప్రసవ సమయంలో తల్లి నుంచి బిడ్డకు కూడా సోకుతుంది. డి రకం బి ఉన్నవారికి మాత్రమే అంటుకోగలదు. బి, సి వైరస్‌లు ఏ బాధా కలిగించకుండా ఇరవై ముప్పై ఏళ్ళు కాలేయంలో ఉండిపోయి, కొందరిలో కాలేయం గట్టిపడే సిరోసిస్‌కూ, కాలేయ క్యాన్సర్‌కూ దారితీస్తాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో వెలువరించిన నివేదిక ప్రకారం 2022 నాటికి ప్రపంచంలో 25.4 కోట్ల మందికి హెపటైటిస్-బి, 5 కోట్ల మందికి హెపటైటిస్-సి దీర్ఘకాలికంగా ఉన్నవి. భారతదేశపు వాటా 2.98 కోట్ల బి కేసులు, 55 లక్షల సి కేసులు. వీరిలో అధికసంఖ్యాకులకు తమకు వైరస్ ఉన్న సంగతే తెలియదు. ఏ బాధా లేదు గనుకనే అటువంటివారు ఆరోగ్యవంతులమనుకుని రక్తదాన శిబిరానికి వస్తారు, వైద్యుని ప్రశ్నలన్నిటికీ నిజాయితీగా జవాబు చెప్పి రక్తం ఇస్తారు.

ఈ వైరస్‌ల గురించిన విజ్ఞానం మొదటినుంచీ రక్తదాతలతో, రక్తం ఎక్కించుకున్నవారితో ముడిపడినదే. బరూక్ బ్లూమ్‌బర్గ్ అనే అమెరికన్ శాస్త్రవేత్త, పలుమార్లు రక్తం ఎక్కించుకున్న ఒక హీమోఫీలియా రోగి రక్తరసంలోని ప్రతిరక్షకాలు ఆస్ట్రేలియా ఆదివాసి ఒకరి రక్తంలోని తెలియని ప్రోటీనుతో ప్రతిచర్య జరపడం గమనించి, 1965లో దానిని ‘ఆస్ట్రేలియా యాంటిజెన్’ పేరుతో ప్రకటించాడు. యాంటిజెన్ అంటే శరీరం పరాయిదిగా గుర్తించి ప్రతిరక్షకాలను తయారుచేసుకునే పదార్థం. అది హెపటైటిస్-బి వైరస్ పైపొరలోని ప్రోటీను అని ఆ తరువాతి సంవత్సరాలలో తేలింది. నేటి రక్తనిధులలో హెచ్‌బీఎస్ యాంటిజెన్ పేరుతో వెతుకుతున్నది దానినే. ఈ కృషికి బ్లూమ్‌బర్గ్ 1976లో నోబెల్ బహుమతి పొందగా, ఆయన పుట్టిన జూలై 28ని ప్రపంచం హెపటైటిస్ దినంగా పాటిస్తున్నది. బి పరీక్ష వచ్చిన తరువాత కూడా రక్తం ఎక్కించుకున్నవారిలో కొందరికి కాలేయ వ్యాధి రావడం ఆగకపోవడంతో, హార్వే ఆల్టర్ అటువంటి రోగులను ఏళ్ళ తరబడి అనుసరించి ఇంకొక వైరస్ ఉన్నదని నిరూపించాడు. 1989లో మైఖేల్ హౌటన్ బృందం దానిని పట్టుకుని హెపటైటిస్-సి అని పేరుపెట్టింది. ఆల్టర్, హౌటన్‌లకూ, అదే వైరస్ మీద పనిచేసిన చార్లెస్ రైస్‌కూ 2020లో నోబెల్ బహుమతి లభించింది. రక్తం ఎక్కించుకున్నవారిని ఓపికగా వెంబడించడం వల్లనే ఒక కొత్త వైరస్ జాడ దొరికిందన్నది ఈ చరిత్రలో తిరువళ్ళూరు వంటి జిల్లాలు గమనించవలసిన విషయం.

భారతదేశంలో రక్త భద్రతకు చట్టబద్ధమైన రూపం రావడంలో సుప్రీంకోర్టు 1996 జనవరి 4న ‘కామన్ కాజ్’ కేసులో ఇచ్చిన తీర్పు కీలకమైనది. జాతీయ, రాష్ట్ర స్థాయిలలో రక్తమార్పిడి మండళ్ళు ఏర్పరచాలని, లైసెన్సు లేని రక్తనిధులు నడవరాదని, డబ్బు తీసుకుని రక్తం ఇచ్చే పద్ధతిని రెండేళ్ళలో నిర్మూలించాలని ఆ తీర్పు ఆదేశించింది. 2002లో జాతీయ రక్త విధానం వెలువడింది. దానం చేసిన ప్రతి సంచీలోని రక్తాన్నీ హెచ్‌ఐవీ, హెపటైటిస్-బి, హెపటైటిస్-సి, సిఫిలిస్, మలేరియాల కోసం తప్పనిసరిగా పరీక్షించాలన్న నిబంధన ఇప్పుడు అమలులో ఉన్నది. దేశంలో మొట్టమొదటి హెచ్‌ఐవీ కేసులను 1986లో మద్రాసు వైద్య కళాశాలలో సునీతి సోలమన్, సెల్లప్పన్ నిర్మల గుర్తించారు. ఆ వారసత్వం ఉన్న తమిళనాడు రక్త పరీక్షల విషయంలో మరొక అడుగు ముందుకు వేయగలదన్న నమ్మకం ఈ లేఖకు ఆధారం.

రక్తదాన శిబిరంలో దాత చేయి చాపి పడుకున్నప్పుడు ముఖ్యమైన సంచిలోకి 350 లేక 450 మిల్లీలీటర్ల రక్తం వెళ్తుండగా, పరీక్షల కోసం కొద్దిపాటి రక్తాన్ని చిన్న గొట్టాలలోకి విడిగా తీసి, సంచి మీదా గొట్టాల మీదా ఒకే సంఖ్య అంటిస్తారు. ఆ క్షణం నుంచి ప్రయోగశాలలో దాత పేరు ఉండదు, సంఖ్య మాత్రమే ఉంటుంది. ప్రయోగశాలలో 96 చిన్న గుంటలున్న ప్లాస్టిక్ పలకలో ఒక్కొక్క గుంటలో ఒక్కొక్క దాత రక్తరసం వేసి, రసాయనాలు కలిపి, కడిగి, చివరికి రంగు మారిన గుంటలను యంత్రంతో చదువుతారు. ఎలీసా అని పిలిచే ఈ పరీక్షలో రంగు నిర్ణీత హద్దు దాటితే ఆ సంచిని ‘రియాక్టివ్’ అని గుర్తించి, విడిగా ఉంచి, నిబంధనల ప్రకారం నాశనం చేస్తారు. ఒక్క సంచి నుంచి ఎర్రకణాలు, ప్లేట్‌లెట్లు, ప్లాస్మా వేరుచేసి ముగ్గురు రోగులకు ఎక్కించే వీలున్నందున, ఒక్క రియాక్టివ్ సంచిని ఆపడం ముగ్గురిని కాపాడడంతో సమానం. ఈ పని ప్రతిరోజూ శ్రద్ధగా చేస్తున్న సాంకేతిక సిబ్బందికి సమాజం ఋణపడి ఉన్నది.

అయితే పరీక్షకూ హద్దులున్నవి. వైరస్ ఒంట్లో ప్రవేశించిన నాటికీ, అది పరీక్షలో కనిపించే నాటికీ మధ్య ఉండే వ్యవధిని ‘విండో పీరియడ్’ అంటారు. సాధారణ పరీక్షలలో హెపటైటిస్-బి విషయంలో ఇది సుమారు ఐదారు వారాలు, ప్రతిరక్షకాల మీద ఆధారపడే హెపటైటిస్-సి పరీక్షలో రెండు నెలలకు అటూ ఇటూ ఉంటుంది. వైరస్ జన్యుపదార్థాన్నే నేరుగా వెతికే నాట్ పరీక్ష, అనగా న్యూక్లియిక్ ఆమ్ల పరీక్ష, ఈ వ్యవధిని బాగా తగ్గిస్తుంది గాని దేశంలో అది తప్పనిసరి కాదు. దీనికి తోడు హెపటైటిస్-బి కాలేయ కణాల కేంద్రకంలో తన డీఎన్ఏను వలయాకారంలో దాచుకోగల వైరస్ గనుక, కొందరిలో పైపొర యాంటిజెన్ పరీక్షకు అందకుండానే వైరస్ మిగిలి ఉంటుంది. దీనిని గుప్త హెపటైటిస్-బి అంటారు. వైరస్ లోపలి భాగానికి ఎదురుగా ఏర్పడే ‘కోర్’ ప్రతిరక్షకాలను వెతికితే, ఆ మనిషికి ఎప్పుడో ఒకప్పుడు ఈ వైరస్ సోకిందా లేదా అన్నది తెలుస్తుంది. తిరుత్తణికి ఎంతో దూరంలో లేని వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలోని వైరాలజీ విభాగం హెపటైటిస్ వైరస్‌ల మీద దశాబ్దాలుగా పరిశోధన చేస్తున్నది. అక్కడ ఈ రంగంలో పనిచేసిన డాక్టర్ ప్రియా అబ్రహాం తరువాత పుణేలోని జాతీయ వైరాలజీ సంస్థకు సంచాలకులయ్యారు. అంతటి నైపుణ్యం పక్కనే ఉండగా తిరువళ్ళూరు జిల్లా రక్తదాతల మీద లోతైన పరిశోధన చేపట్టడం అసాధ్యమైన పని కాదు.

ఇక ప్రధాన విషయం దాత గురించినది. రక్తం ఇచ్చే ముందు దాత నింపే పత్రంలో, పరీక్షలలో ఏదైనా తేడా కనిపిస్తే తమకు తెలియజేయవచ్చునా అన్న ప్రశ్న ఉంటుంది. శిబిరపు సందడిలో, స్నేహితులు తొందరపెడుతుండగా, చాలామంది ఆ ప్రశ్నను చదవకుండానే సంతకం చేస్తారు. రాసిన ఫోన్ నంబరు మారిపోవడం, అద్దె ఇంటి చిరునామాకు పంపిన ఉత్తరం ఎవరికీ చేరకపోవడం, రక్తనిధిలో ఒకే ఒక్క కౌన్సెలర్ మీద శిబిరాల ఏర్పాటు బాధ్యత కూడా ఉండడం సాధారణం. ఈ అడ్డంకులలో ఏది ఎదురైనా దాతకు కబురు అందదు. కబురు అందకపోతే ఏమవుతుందో 2018 డిసెంబరులో విరుదునగర్ జిల్లా సాత్తూరులో రాష్ట్రమంతా చూసింది. అక్కడ ప్రభుత్వ ఆసుపత్రిలో ఒక గర్భిణికి హెచ్‌ఐవీ ఉన్న రక్తం ఎక్కించడం జరిగింది. ఆ దాత 2016లో రక్తం ఇచ్చినప్పుడే వైరస్ ఉన్నట్లు తేలినా ఆ సంగతి అతనికి చేరలేదని అప్పట్లో వెల్లడైంది. విదేశీ ఉద్యోగానికి చేయించుకున్న పరీక్షలో తనకు హెచ్‌ఐవీ ఉన్నదని తెలిసిన వెంటనే ఆ యువకుడు తానే వచ్చి చెప్పినప్పటికీ అప్పటికే ఆలస్యమైపోయింది. దాతకు తెలియజేయడం దాత మేలు కోసమే కాదు, తరువాతి రోగి ప్రాణం కోసం కూడా అని ఆ విషాదం నేర్పిన పాఠం హెపటైటిస్‌కూ అక్షరాలా వర్తిస్తుంది.

తెలియజేయడమంటే ఎలీసా ఫలితాన్ని ఉన్నదున్నట్లు ఫోనులో చెప్పేయడం కాదు. రియాక్టివ్ అన్నంత మాత్రాన వ్యాధి ఉన్నదని అర్థం కాదన్నది సిబ్బందికీ ప్రజలకూ స్పష్టంగా తెలియాలి. ఉదాహరణకు పదివేల మంది దాతలలో నిజంగా హెపటైటిస్-సి ఉన్నవారు 30 మంది అనుకుందాం. వ్యాధి లేనివారిలో వెయ్యికి ఐదుగురిని పొరపాటున రియాక్టివ్‌గా చూపే పరీక్ష వాడితే, మిగిలిన 9,970 మందిలో దాదాపు 50 మంది అకారణంగా రియాక్టివ్ అవుతారు. అప్పుడు రియాక్టివ్ అయిన 80 మందిలో 50 మందికి వ్యాధి లేనే లేదు. సంచిని పారవేయడానికి ఈ పరీక్ష చాలును, ఎందుకంటే రోగి రక్షణలో అనుమానానికి కూడా చోటు ఉండరాదు. మనిషికి చెప్పడానికి మాత్రం మళ్ళీ రక్తం తీసి, వైరస్ ఆర్‌ఎన్ఏ లేక డీఎన్ఏ పరీక్షతో నిర్ధారించవలసి ఉంటుంది. నిర్ధారణ లేకుండా చెప్పడం వల్ల పెళ్ళిళ్ళు ఆగిపోయే, సంసారాలలో అనుమానాలు పుట్టే ప్రమాదం ఉన్నది. అసలే చెప్పకపోవడం వల్ల కాలేయం పాడైపోయే ప్రమాదం ఉన్నది. ఈ రెండిటినీ తప్పించే మార్గం నిర్ధారణ పరీక్షతో కూడిన గోప్యమైన సంప్రదింపు.

చెప్పిన తరువాత చేయగలిగింది లేకపోతే చెప్పడం క్రూరత్వమన్న వాదన ఒకప్పుడు సబబుగా ఉండవచ్చును గాని ఇప్పుడు దానికి ఆధారం లేదు. హెపటైటిస్-సికి సోఫోస్‌బువిర్‌తో డక్లటాస్‌విర్ లేక వెల్పటాస్‌విర్ కలిపిన మాత్రలను సాధారణంగా 12 వారాలు వాడితే నూటికి 95 మందికి పైగా పూర్తిగా నయమవుతున్నది. హెపటైటిస్-బిని శరీరం నుంచి పూర్తిగా తొలగించే మందు ఇంకా రానప్పటికీ, టెనోఫోవిర్, ఎంటెకవిర్ మాత్రలు వైరస్‌ను అణచి ఉంచి, కాలేయం చెడకుండా కాపాడుతాయి. అందరికీ మాత్రలు అవసరం లేకపోయినా అందరికీ క్రమం తప్పని పరీక్షలు అవసరం. 2018 జూలై 28న ప్రారంభమైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద ఈ పరీక్షలూ మందులూ ప్రభుత్వ కేంద్రాలలో ఉచితం. రక్తనిధిలో రియాక్టివ్‌గా తేలిన దాతను ఆ కేంద్రం గుమ్మం దాకా తీసుకువెళ్ళే బాధ్యత ఫలానా ఉద్యోగిది అని స్పష్టంగా నిర్ణయించడమే ఇప్పుడు జరగవలసిన పని.

ఈ ప్రాంతంలో కామెర్లంటే నేల ఉసిరి పసరు గుర్తుకు రావడం సహజం. కీళనెల్లి అని తమిళంలో పిలిచే ఆ మొక్కను శాస్త్రం చిన్నచూపు చూడలేదు. మద్రాసు విశ్వవిద్యాలయానికి చెందిన ఎస్.పి.త్యాగరాజన్ బృందం, స్వయంగా బ్లూమ్‌బర్గ్‌తో కలిసి, హెపటైటిస్-బి ఉన్నవారికి ఆ మొక్క పొడి ఇచ్చి పరీక్షించి, 1988లో ‘లాన్సెట్’ పత్రికలో ఫలితాలు ప్రకటించింది. నెల రోజులు మందు తీసుకున్న 37 మందిలో 22 మందికి పైపొర యాంటిజెన్ మాయమైందని, ఉత్తుత్తి మందు తీసుకున్న 23 మందిలో ఒక్కరికి మాత్రమే అలా జరిగిందని ఆ నివేదిక చెప్పడంతో ప్రపంచమంతా ఆశపడింది. కాని థాయ్‌లాండ్, న్యూజిలాండ్ వంటి దేశాలలో జరిగిన తరువాతి పరీక్షలలో ఆ ఫలితం మళ్ళీ రాలేదు. ఎ, ఇ రకాల కామెర్లు ఏ మందు వాడినా వాడకపోయినా చాలామందిలో వాటంతట అవే తగ్గుతాయి గనుక పసరుకు పేరు వచ్చింది. బి, సి రకాలు ఉన్నవారు పసరుతో తగ్గిందనుకుని ఊరుకుంటే లోపల కాలేయం చెడిపోతూనే ఉంటుంది. తిరువళ్ళూరు వైద్య వీరరాఘవస్వామి సన్నిధిలో, తమ జబ్బు కరిగిపోవాలని పుష్కరిణిలో బెల్లం వేసే భక్తుల విశ్వాసాన్ని గౌరవిస్తూనే, ఆ మొక్కుతో పాటు ఒక రక్తపరీక్ష కూడా చేయించుకోండని వారికి చెప్పే మాట ప్రభుత్వం నుంచి రావాలి.

హెపటైటిస్-బి టీకా చరిత్రలో తెలుగువారికి, ప్రత్యేకించి తిరుత్తణికి, గర్వించదగిన చోటున్నది. కె.ఐ.వరప్రసాద్ రెడ్డి స్థాపించిన హైదరాబాదులోని శాంతా బయోటెక్నిక్స్ 1997లో ‘శాన్‌వాక్-బి’ పేరుతో దేశంలో తొలి జన్యుసాంకేతిక హెపటైటిస్-బి టీకాను తెచ్చి, దిగుమతి టీకాలు అందుకోలేని సామాన్యులకు దానిని చేరువ చేసింది. తిరుత్తణి ప్రాంతంలో వ్యవసాయ కుటుంబంలో పుట్టి, అమెరికాలో పరిశోధన చేసి తిరిగివచ్చిన కృష్ణ ఎల్లా 1996లో హైదరాబాదులో నెలకొల్పిన భారత్ బయోటెక్ కూడా ‘రెవాక్-బి’ పేరుతో ఈ టీకానే తయారుచేసింది. పసితనంలో ఈ వైరస్ సోకిన పిల్లలలో నూటికి తొంభై మందికి అది జీవితాంతం ఉండిపోతుంది, పెద్దయ్యాక సోకినవారిలో నూటికి ఐదుగురికన్నా తక్కువ మందిలోనే అలా నిలుస్తుంది. అందుకే పుట్టిన 24 గంటల లోపల వేసే తొలి మోతాదుకు అంత ప్రాధాన్యం. ప్రభుత్వ టీకాల కార్యక్రమంలో ఈ టీకాను 2007-08లో పది రాష్ట్రాలకు విస్తరించినప్పుడు వాటిలో తమిళనాడు ఒకటి. 2011 నాటికి దేశమంతటా ఇది వచ్చింది. 

ఈ తేదీలకు రక్తదాతలతో దగ్గరి సంబంధమున్నది. ఆ కాలంలో పుట్టిన పిల్లలు ఇప్పుడిప్పుడే 18 ఏళ్ళు నిండి, రక్తదానానికి అర్హత పొందుతున్నారు. కళాశాల శిబిరాలకు వచ్చే 18, 19 ఏళ్ళ దాతలలోనూ, వారి అన్నల, తండ్రుల వయసు దాతలలోనూ హెపటైటిస్-బి ఎంతెంత ఉన్నదో ఇప్పటినుంచి ఏటేటా పోల్చి చూస్తే, టీకా ఎంత పని చేసిందో, ఏ ఊళ్ళలో టీకా అందని పిల్లలు మిగిలిపోయారో తేటతెల్లమవుతుంది. ఈ పోలికకు ఇదే సరైన అదను. మొదటి సంవత్సరాల లెక్క రాసుకోకుండా వదిలేస్తే దానిని తరువాత తిరిగి సంపాదించలేము.

పరిశోధన అనగానే రక్తనిధి రిజిస్టరులోని అంకెలను కూడి శాతం కట్టడం కాదు. రక్తదాతలు జనాభాకు అచ్చమైన నమూనా కారు. వారు 18 నుంచి 65 ఏళ్ళ లోపువారు, కనీసం 45 కిలోల బరువూ, డెసిలీటరుకు 12.5 గ్రాముల హీమోగ్లోబినూ ఉన్నవారు, అత్యధికంగా పురుషులు, గతంలో బి లేక సి ఉన్నదని తెలిసి పక్కన పెట్టినవారు పోగా మిగిలినవారు. అందువల్ల దాతలలో కనిపించే శాతం ఊరిలోని అసలు శాతం కన్నా తక్కువగా ఉండే అవకాశం ఎక్కువ. స్వచ్ఛంద దాతలను, తమ బంధువు ఆపరేషను కోసం బదులు రక్తం ఇచ్చేవారిని, మొదటిసారి ఇచ్చేవారిని, మళ్ళీ మళ్ళీ ఇచ్చేవారిని వేరువేరుగా లెక్కించకపోతే వచ్చే సగటు ఎవరి గురించీ నిజం చెప్పదు. ఒకసారి వైరస్ లేదని తేలిన దాత తరువాతి దానంలో రియాక్టివ్ అయి, అది నిర్ధారణ కూడా అయితే, ఆ మధ్యకాలంలో అతనికి కొత్తగా వైరస్ సోకిందని అర్థం. జిల్లాలో వైరస్ ఇంకా వ్యాపిస్తున్నదా అన్న ప్రశ్నకు అటువంటి దాతల సంఖ్యే నికరమైన జవాబు. నిర్ధారణ అయిన దాతలతో గోప్యంగా మాట్లాడి, గతంలో శస్త్రచికిత్స, పంటి వైద్యం, ఇంజెక్షన్లు, పచ్చబొట్టు వంటివి జరిగినవా అని తెలుసుకుని, వైరస్ లేని దాతల జవాబులతో పోల్చితే, ఏ దారిన ఈ వైరస్ వస్తున్నదో శాస్త్రీయంగా తేలుతుంది.

ఆ దారులను మూయడానికి ఈ జిల్లాలో ప్రత్యేకమైన అవకాశం ఉన్నది. ఆడికృత్తికకు తిరుత్తణి కొండకు కావళ్ళు ఎత్తుకుని వచ్చే లక్షలాది భక్తులలో ఎందరో తలనీలాలు సమర్పిస్తారు, పిల్లలకు చెవులు కుట్టిస్తారు, కొందరు మొక్కుగా ఒంటికి శూలాలు గుచ్చుకుంటారు. హెపటైటిస్-బి వైరస్ ఎండిన రక్తపు మరకలో కూడా కనీసం ఏడు రోజులు సజీవంగా ఉండగలదు, కంటికి కనిపించనంత రక్తం కూడా దానికి చాలును. మనిషికొక కొత్త బ్లేడు, చెవికొక శుద్ధమైన సూది, వాడిన వాటిని పడవేయడానికి గట్టి డబ్బా ఉండడం భక్తికి అడ్డు కాదు. భక్తుడికీ, రోజూ వందల తలలు గొరిగే క్షురకుడికీ అది రక్షణ. ఆ క్షురకులకు మూడు మోతాదుల టీకా ఉచితంగా వేయించడం వారి శ్రమకు ప్రభుత్వం చూపగల తొలి గౌరవం.

వైరస్ ఉన్నదన్న నిజం చెప్పించుకున్న మనిషికి సమాజం నుంచి రక్షణ కూడా కావాలి. హెచ్‌ఐవీ ఉన్నవారి పట్ల వివక్షను నిషేధిస్తూ 2017లో పార్లమెంటు చట్టం చేసింది గాని హెపటైటిస్ ఉన్నవారికి అటువంటి ప్రత్యేక చట్టం లేదు. గల్ఫ్ దేశాల ఉద్యోగానికి వెళ్ళబోయే యువకుడు వైద్య పరీక్షలో హెపటైటిస్-బి ఉన్నదని తేలి వెనుదిరిగినప్పుడు, ఆ వార్త ఊరంతా పాకి, కంచం వేరు చేసేదాకా పోతుంది. ఒకే కంచంలో తినడం వల్ల, చేయి కలపడం వల్ల, ఒకే మంచం మీద కూర్చోవడం వల్ల ఈ వైరస్‌లు సోకవు. ఇంటిల్లిపాదికీ పరీక్ష చేసి, లేనివారికి సున్నా, ఒకటి, ఆరు నెలల క్రమంలో బి టీకా వేస్తే ఆ కుటుంబం నిశ్చింతగా ఉండవచ్చు. ఈ మాటలు ఇంటి భాషలో చెప్పినప్పుడే మనసుకు ఎక్కుతాయి. పళ్ళిపట్టు మగ్గం దగ్గర కూర్చున్న యాభై ఏళ్ళ తెలుగు మనిషికి ఆంగ్లంలో అచ్చయిన ల్యాబ్ కాగితం చేతిలో పెట్టి పంపితే, దానిని అతనికి చదివి చెప్పేది పక్కింటి కుర్రవాడే. గోప్యత అక్కడే పోతుంది.

పై కారణాలను పురస్కరించుకుని మంత్రివర్యుల పరిశీలనకు ఈ క్రింది విన్నపాలు సమర్పించడమైనది.

మొదటిది, తిరువళ్ళూరు జిల్లాలోని ప్రభుత్వ, ప్రైవేటు రక్తనిధులన్నిటిలో రియాక్టివ్‌గా తేలిన ప్రతి దాతకూ నిర్ణీత గడువులో గోప్యంగా కబురు చేసి, రెండవ నమూనాతో నిర్ధారించి, ఉచిత చికిత్స కేంద్రంలో పేరు నమోదయ్యేవరకు బాధ్యత వహించే కౌన్సెలర్‌ను నియమించాలి. ఎందరికి కబురు చేశారు, ఎందరు వచ్చారు, ఎందరికి చికిత్స మొదలైంది అన్న మూడు అంకెలను పేర్లు లేకుండా ఏటా ప్రకటించాలి.

రెండవది, 2022 జనవరిలో ప్రారంభోత్సవం జరిగిన తిరువళ్ళూరు ప్రభుత్వ వైద్య కళాశాల ఆధ్వర్యంలో, తిరుత్తణి ప్రభుత్వ ఆసుపత్రిని కలుపుకుని, వేలూరు, చెన్నై ప్రయోగశాలల సహకారంతో, నైతిక సంఘం అనుమతితో, దాతలలో హెపటైటిస్-బి, సి, గుప్త హెపటైటిస్-బిల మీద కనీసం ఐదేళ్ళ పరిశోధన చేపట్టాలి. టీకా పొందిన తరం దాతలను అందులో ప్రత్యేక వర్గంగా లెక్కించాలి.

మూడవది, దాత పత్రాలు, కౌన్సెలింగ్, ఫలితాల వివరణ తమిళంతో పాటు తెలుగులో కూడా అందాలి. ఒక రాష్ట్రంలో దానానికి అనర్హుడని తేలిన దాత తెలియక మరొక రాష్ట్రంలో రక్తం ఇవ్వకుండా, గోప్యతకు భంగం లేని సమాచార వినిమయం కోసం ఆంధ్రప్రదేశ్ ఆరోగ్య శాఖతో సంప్రదింపులు జరపాలి.

నాలుగవది, రియాక్టివ్ దాతల కుటుంబాలకు పరీక్షలూ టీకా, క్షురకులకూ పారిశుద్ధ్య కార్మికులకూ ఆసుపత్రి సిబ్బందికీ టీకా, తిరుత్తణి ఉత్సవాలలో మనిషికొక బ్లేడు అన్న నియమం ఒకే కార్యక్రమంగా అమలు కావాలి.

రక్తదాత ప్రతిఫలం ఆశించకుండా, ముక్కూ మొహం తెలియని మనిషి కోసం తన రక్తం ఇస్తాడు. ఆ రక్తం చెప్పిన నిజాన్ని అతనికి చెప్పడం ప్రభుత్వం చేసే ఉపకారం కాదు, అతనికి తీర్చవలసిన బాకీ. ఆ బాకీ తీర్చే ఏర్పాటు తిరువళ్ళూరు, తిరుత్తణిలలో మొదలై, ఫలితాలు చూసిన తరువాత రాష్ట్రమంతటికీ విస్తరించేలా మంత్రివర్యులు ఉత్తర్వులు వెలువరించాలని ఈ లేఖ సవినయంగా, గట్టిగా కోరుతున్నది.

ఇట్లు,
తిరువళ్ళూరు, తిరుత్తణి ప్రాంతాల రక్తదాతల మేలు కోరి